చిత్తడి నేలను, నీటిని కాపాడితే ప్రభుత్వం ఇచ్చే డబ్బు: అమెరికాలో భూమి ఉన్న తెలుగువారు తరచుగా అడిగే ప్రశ్నలు

అమెరికాలో పొలమో పచ్చిక బీడో కొన్న తెలుగువాళ్లు ఇప్పుడు చాలామందే ఉన్నారు. కొన్న భూమిలో ఎక్కడో ఒక మూల నీళ్లు నిలుస్తుంటాయి. ట్రాక్టర్ దిగబడుతుంది, జొన్నపొత్తులు రావు, తుంగ మొలుస్తుంది. పనికిరాని మూల అని ఊళ్లో అందరూ అంటారు. పూడ్చేద్దాం, పైపు వేసి నీళ్లు బయటికి తోసేద్దాం అన్న ఆలోచన సహజంగానే వస్తుంది. ఆ పని మొదలుపెట్టే ముందు ఇది చదవండి. ఆ మూలను అలాగే ఉంచినందుకు, లేదా మళ్లీ తడిగా మార్చినందుకు, ప్రభుత్వం డబ్బు ఇచ్చే దారులు ఉన్నాయి. తొందరపడి పూడిస్తే అదే ప్రభుత్వం నుంచి వచ్చే మిగతా డబ్బు ఆగిపోయే ప్రమాదమూ ఉంది.

చిత్తడి నేల అని దేన్ని అంటారు? ఏడాది పొడుగునా నీళ్లు ఉండాలా?

ఉండక్కర్లేదు. అధికారులు మూడు గుర్తులు చూస్తారు. మొక్కలు పెరిగే కాలంలో కొన్నాళ్లైనా నేల నీటితో నానిపోయి ఉండటం ఒకటి. అలా నాని గాలి ఆడక మట్టి బూడిద రంగుకు తిరగడం రెండోది. తడిని తట్టుకునే మొక్కలే ఎక్కువగా మొలవడం మూడోది.

ఉత్తర డకోటా, దక్షిణ డకోటా, మిన్నెసోటా ప్రాంతాల్లో హిమానీనదాలు వెనక్కి తగ్గినప్పుడు ఏర్పడిన గుంటలు లక్షల్లో ఉన్నాయి. వాటిని ప్రెయిరీ పాట్‌హోల్స్ అంటారు. చాలావాటిలో మంచు కరిగే వసంతంలో కొన్ని వారాలే నీళ్లుంటాయి, ఎండాకాలం నడిమికి వచ్చేసరికి అవి మామూలు పొలంలాగే కనిపిస్తాయి. కానీ గుడ్లు పెట్టబోయే ఆడబాతుకు కావలసిన పురుగులు, నత్తలు ఆ కొన్ని వారాల్లో, ఆ లోతులేని నీళ్లలోనే దొరుకుతాయి. ఉత్తర అమెరికా బాతుల్లో సగం దాకా పుట్టేది ఈ ప్రాంతంలోనే. కాబట్టి ఆగస్టులో వెళ్లి చూసి "ఇక్కడ నీళ్లేమీ లేవే" అనుకుని తేల్చేయకండి.

మీ భూమిలో ఏది చిత్తడి, ఏది కాదు అని నిర్ణయించేది వ్యవసాయ శాఖలోని సహజ వనరుల పరిరక్షణ సేవ. అందరూ ఎన్‌ఆర్‌సీఎస్ అనే పిలుస్తారు. వాళ్ల వెబ్ సాయిల్ సర్వేలో మీ పొలం మట్టి పటం ఉచితంగా చూడొచ్చు. అది ఒక అంచనా కోసమే. లెక్కలోకి వచ్చేది వాళ్లు రాతపూర్వకంగా ఇచ్చే నిర్ధారణ.

ఎండగట్టమని ప్రోత్సహించిన ప్రభుత్వమే ఇప్పుడు తడిపినందుకు డబ్బు ఎందుకిస్తోంది?

ఈ ప్రశ్నకు జవాబు తెలిస్తే మిగతావన్నీ సులువుగా అర్థమవుతాయి.

1849, 1850, 1860 సంవత్సరాల్లో వచ్చిన చిత్తడి భూముల చట్టాలు దాదాపు 6.5 కోట్ల ఎకరాలను 15 రాష్ట్రాలకు అప్పగించాయి. ఎండబెట్టి సాగులోకి తేవాలన్నదే ఉద్దేశం. ఇరవయ్యో శతాబ్దంలో వ్యవసాయ శాఖే కాలువలకు, నేలలోని నీటిని బయటికి లాగేసేందుకు పాతిపెట్టే టైల్ పైపులకు ఖర్చులో వాటా ఇచ్చింది. 1780ల్లో, అలాస్కా, హవాయిలను మినహాయిస్తే, దేశంలో సుమారు 22.1 కోట్ల ఎకరాల చిత్తడి నేలలు ఉండేవని అంచనా. 1980లకు మిగిలినవి 10.4 కోట్ల ఎకరాలు. రెండు వందల ఏళ్లలో సగానికి పైగా పోయాయి.

పోయినదాని విలువ తర్వాత తెలిసొచ్చింది. వాయవ్య ఒహాయోలో గ్రేట్ బ్లాక్ స్వాంప్ అనే మహా చిత్తడి ఉండేది. పందొమ్మిదో శతాబ్దం రెండో సగంలో దాన్ని దాదాపు మొత్తంగా ఎండగట్టారు. బ్రహ్మాండమైన పంట భూమి తయారైంది. కానీ పొలాల్లోని భాస్వరాన్ని పట్టి ఆపే నేల లేకుండా పోయింది, అది పైపుల గుండా, వాగుల గుండా తిన్నగా ఈరీ సరస్సుకు చేరుతోంది. 2014 ఆగస్టులో సరస్సులో నాచు విషం పెరిగి, టొలీడో నగరం చుట్టుపక్కల సుమారు 5 లక్షల మంది రెండు మూడు రోజులు కుళాయి నీళ్లు తాగొద్దన్న హెచ్చరిక కింద ఉన్నారు. ఆ నీళ్లు కాచినా లాభం లేదు, కాచేకొద్దీ విషం చిక్కబడుతుంది. 2019లో ఒహాయో రాష్ట్రం హెచ్2ఒహాయో అనే కార్యక్రమం పెట్టి, ఎరువు పొలం దాటకుండా చూసే రైతులకు, చిత్తడి నేలల పునరుద్ధరణకు డబ్బు ఇవ్వడం మొదలుపెట్టింది. ఒకప్పుడు ఎండగట్టిన చోటే ఇప్పుడు తడి కోసం ఖర్చు పెడుతున్నారు.

మరో కారణం ఉంది. అమెరికాలో మిగిలిన చిత్తడి నేలల్లో అత్యధిక భాగం ప్రైవేటు వ్యక్తులదే. వరదను నిలుపుకోవడం, భూగర్భ జలాన్ని నింపడం, నైట్రేట్‌ను విరగ్గొట్టడం వంటి లాభాలన్నీ కింది ఊళ్లకు పోతాయి. పంట నష్టం మాత్రం ఆ యజమాని ఒక్కడిది. మంది మేలు కోసం ఒక్కడు నష్టపోవాలనడం న్యాయం కాదు. అందుకే ఈ డబ్బును దానంగానో సాయంగానో నేను చూడను. మీరు చేస్తున్న సేవకు చెల్లించే వెల అది.

ఏయే పథకాలు ఉన్నాయి?

పేర్లు చాలా ఉన్నా, అన్నీ నాలుగు రకాల్లోకి వస్తాయి.

మొదటిది హక్కు కొనుక్కునే పథకం. 1990 వ్యవసాయ చట్టంతో వెట్‌లాండ్స్ రిజర్వ్ ప్రోగ్రామ్ మొదలైంది. 2014లో దాన్ని పచ్చిక బయళ్ల పథకంతో, పొలాలు ఇళ్ల స్థలాలు కాకుండా కాపాడే పథకంతో కలిపి ఏసెప్ అనే గొడుగు కిందికి తెచ్చారు. అందులో చిత్తడి నేలల భాగాన్ని వెట్‌లాండ్ రిజర్వ్ ఈజ్‌మెంట్ అంటారు. ఈజ్‌మెంట్ అంటే భూమి మీ పేరునే ఉండగా దాని మీది కొన్ని హక్కులను మాత్రం రాసివ్వడం. నీళ్లు నిలిచే మూల ఉన్న యజమాని ముందుగా చూడాల్సింది దీన్నే.

రెండోది ఏటేటా అద్దె ఇచ్చే పథకం. 1985లో వచ్చిన కన్జర్వేషన్ రిజర్వ్ ప్రోగ్రామ్, అంటే సీఆర్‌పీ, 10 నుంచి 15 ఏళ్ల ఒప్పందం మీద సాగు ఆపినందుకు అద్దె ఇస్తుంది. పొలం మధ్య చిన్న చిన్న తడి గుంటలకు, వాగు గట్ల వెంట పచ్చిక పట్టీలకు ఇందులో ప్రత్యేక విభాగాలు ఉన్నాయి. 1970 నాటి వాటర్ బ్యాంక్ చట్టం కింద పదేళ్ల ఒప్పందాలు ఇచ్చే ఇంకో పాత పథకం ఉంది, అది ఎక్కువగా డకోటాలు, మిన్నెసోటాల్లోనే నడిచింది.

మూడోది పనికి అయ్యే ఖర్చులో వాటా ఇచ్చే పథకం. 1996 నుంచి ఉన్న ఈక్విప్ దీనికి ఉదాహరణ. నీటి పొదుపు పరికరాలు, గట్లు, పశువులు వాగులో దిగకుండా కంచె, వాటికి వేరే నీటి తొట్టి, ఇలాంటివాటికి ఖర్చులో చాలా భాగం వస్తుంది.

నాలుగోది చేపలు, వన్యప్రాణుల శాఖ నడిపేది. వేటగాళ్లు ఏటా కొనే డక్ స్టాంప్ 1934 నుంచి ఉంది. ఇప్పుడు ధర 25 డాలర్లు. అందులో డాలరుకు 98 సెంట్లు వలస పక్షుల ఆవాసాలకే పోతాయి. ఆ సొమ్ముతో ప్రెయిరీ ప్రాంతంలో రైతుల నుంచి శాశ్వత హక్కులు కొంటున్నారు. ఈ ఒప్పందం చాలా సరళంగా ఉంటుంది: గుంటను ఎండగట్టకూడదు, పూడ్చకూడదు, చదును చేయకూడదు, తగలబెట్టకూడదు. అది తనంతట తాను ఎండిన ఏడాది దున్నుకోవచ్చు. సాగు మానాలని లేనివాళ్లకు ఇది నప్పుతుంది.

ఈజ్‌మెంట్ ఇస్తే భూమి ప్రభుత్వానికి పోతుందా?

పోదు. పట్టా మీ పేరునే ఉంటుంది. అమ్ముకోవచ్చు, పిల్లలకు రాసివ్వొచ్చు. పొలం మీదుగా కరెంటు లైను వేసుకునే హక్కు ఇచ్చాక కూడా పొలం మనదే అయినట్టు, ఇక్కడ కూడా మీరు ఇచ్చేది కొన్ని హక్కులు మాత్రమే.

కానీ ఆ "కొన్ని" ఏవో బాగా తెలుసుకుని సంతకం పెట్టాలి. మీకు మిగిలేవి: యాజమాన్యం, లోపలికి ఎవరిని రానివ్వాలో నిర్ణయించే హక్కు, కట్టడాలు లేకుండా చేసుకునే వేట, చేపలు పట్టడం, విహారం, భూగర్భ ఖనిజాల హక్కు, నీటి హక్కులు. జనానికి దారి తెరవాలన్న నిబంధన లేదు, ఇది చాలామందికి ఉన్న భయం. వదులుకునేవి: దున్నడం, ఇల్లు కట్టడం, కాలువ తవ్వడం, మట్టి పోయడం, పచ్చిక కోయడం, పశువులను మేపడం. చివరి రెండూ పూర్తిగా మూసుకుపోవు. ఆవాసానికి మేలు చేస్తుందనుకుంటే ఎన్‌ఆర్‌సీఎస్ కొంతకాలానికి అనుమతి ఇస్తుంది. కానీ అది వాళ్లు ఇచ్చే అనుమతే, మీ హక్కు కాదు. ఎప్పుడైనా తీసేయొచ్చు. మేత ఆదాయం మీద ఆశపెట్టుకుని ఒప్పందానికి రాకండి.

ఆస్తి పన్ను కట్టడం మీ బాధ్యతగానే ఉంటుంది. కలుపు, పురుగు వంటివి అదుపులో పెట్టాల్సిన పని కూడా.

ఎంత వస్తుంది?

శాశ్వత ఈజ్‌మెంట్‌కు హక్కు విలువలో 100 శాతం, పునరుద్ధరణ ఖర్చులో 75 నుంచి 100 శాతం ఇస్తారు. 30 ఏళ్ల ఈజ్‌మెంట్‌కు రెండింటిలోనూ 50 నుంచి 75 శాతమే. సర్వే, టైటిల్ తనిఖీ, రిజిస్ట్రేషన్ ఖర్చులు ఎన్‌ఆర్‌సీఎస్ భరిస్తుంది.

"హక్కు విలువలో 100 శాతం" అంటే భూమి మార్కెట్ ధర మొత్తం అని అనుకునేవాళ్లు ఉన్నారు. అలా కాదు. మూడు అంకెలు చూస్తారు: మదింపు లేదా ప్రాంతపు మార్కెట్ అధ్యయనం ప్రకారం తేలిన విలువ, ఆ ప్రాంతానికి ఎన్‌ఆర్‌సీఎస్ ముందే ప్రకటించిన గరిష్ఠ రేటు, మీరు అడిగిన మొత్తం. ఈ మూడింటిలో ఏది తక్కువైతే అదే ఇస్తారు. ఆచరణలో ఎక్కువచోట్ల నిర్ణయించేది ఆ ప్రాంతపు రేటే. కాబట్టి దరఖాస్తుకు ముందే మీ కౌంటీ రేటు అడిగి తెలుసుకోండి. మంచి మొక్కజొన్న భూమికీ తుంగ మొలిచే మూలకూ మార్కెట్లో ఉన్నంత తేడా ఈ రేటులో ఉండకపోవచ్చు. అందుకే సాగుకు ఎప్పుడూ కలిసిరాని భూమికి ఇది గొప్ప బేరం, మొదటి రకం భూమికి కాదు.

డబ్బు ఒకేసారి తీసుకోవచ్చు, లేదా పదేళ్ల దాకా వాయిదాల్లో తీసుకోవచ్చు. దీనికి పన్నుతో సంబంధం ఉంది, కింద చెప్తాను.

శాశ్వతమా, 30 ఏళ్లా, పదేళ్ల అద్దెనా? ఏది మంచిది?

మీ అవసరాన్ని బట్టి అని తప్పుకోవడం ఇష్టం లేదు. నీళ్ల కోసం, నేల కోసం అడిగితే శాశ్వతమే మంచిదన్నది నా అభిప్రాయం. కారణం సీఆర్‌పీ చరిత్రలోనే కనిపిస్తుంది. 2007లో ఆ పథకం కింద 3.68 కోట్ల ఎకరాలు ఉండేవి. ఆ తర్వాతి ఏళ్లలో మొక్కజొన్న, సోయా ధరలు పెరిగాయి. 2015 నాటికి ఆ విస్తీర్ణం 2.4 కోట్ల ఎకరాల దగ్గరికి పడిపోయింది. చట్టం కూడా పరిమితిని తగ్గించింది, అది నిజమే. కానీ గడువు తీరిన ఒప్పందాలను చాలామంది మళ్లీ రాసుకోలేదు. పదేళ్లు ప్రజల డబ్బుతో పెరిగిన పచ్చిక, గూళ్లతో సహా, నాగలి కిందికి పోయింది. రైతును తప్పుపట్టలేం. అద్దె ఒకటి, పంట ధర మరొకటి చూపిస్తుంటే ఎవరైనా లెక్క వేసుకుంటారు.

కుటుంబం వైపు నుంచి చూస్తే మాత్రం శాశ్వతం అంటే నిజంగా శాశ్వతమే. మీ తర్వాతి తరాలూ దానికి కట్టుబడాలి. భవిష్యత్తులో అక్కడ ఇల్లు కట్టాలన్న ఆశ ఏ మూలన ఉన్నా, ఆ ముక్కను హద్దు వేసి బయట ఉంచేయండి. తర్వాత సర్దుబాటు చేయించుకోవచ్చులే అనుకోకండి. పిల్లలు పెద్దవాళ్లైతే వాళ్లను కూర్చోబెట్టి మాట్లాడాకే సంతకం పెట్టండి.

ఏ సాయమూ అడగను. నా గుంటను నేను పూడ్చుకుంటే ఎవరికేంటి?

1985 వ్యవసాయ చట్టంలో స్వాంప్‌బస్టర్ అనే నిబంధన ఉంది. 1985 డిసెంబరు 23 తర్వాత చిత్తడి నేలను సాగుకు మార్చి పంట వేసినవాళ్లకు వ్యవసాయ శాఖ చెల్లింపులు, రుణాలు ఆగిపోతాయి. 1990 నవంబరు 28 తర్వాత అయితే పంట వేయకపోయినా, వేయడానికి వీలుగా ఎండగట్టినా చాలు. 2014 నుంచి పంట బీమా ప్రీమియం రాయితీ కూడా దీనికి ముడిపడింది. ఆ రాయితీ లేకుండా బీమా కట్టడం చాలామందికి తలకు మించిన భారం.

శిక్ష ఆ గుంట ఒక్కదానికే పడదు, మీరు సాగుచేసే మిగతా భూములకూ వర్తిస్తుంది. మీరు పొలాన్ని కౌలుకిచ్చి ఉంటే, మీరు చేయించిన పనికి మీ కౌలుదారు కూడా చిక్కుల్లో పడొచ్చు. 1985కు ముందే ఎండగట్టి సాగులోకి తెచ్చిన భూమికి మినహాయింపు ఉంది. ఆ సంగతి కాగితం మీద నిర్ధారించుకోకుండా పొక్లెయిన్‌ను పిలవకండి.

2023లో సుప్రీం కోర్టు చిత్తడి నేలల నియమాలు సడలించింది కదా?

శాకెట్ కేసులో 2023 మే 25న వచ్చిన తీర్పు పరిశుభ్ర జలాల చట్టం పరిధిని కుదించింది. నదులు, సరస్సుల వంటి జలాలతో ఉపరితలం మీద విడదీయలేనంతగా కలిసి ఉన్న చిత్తడి నేలలకే ఇప్పుడు ఆ చట్టపు రక్షణ. పొలం మధ్య విడిగా ఉండే గుంటలు బయటపడ్డాయి. కొన్ని రాష్ట్రాలకు సొంత చట్టాలు ఉన్నాయి, చాలా రాష్ట్రాలకు లేవు.

స్వాంప్‌బస్టర్ వేరే చట్టం. ఈ తీర్పు దాన్ని తాకలేదు. నా దృష్టిలో ఈ తీర్పు తర్వాతే యజమానికి డబ్బిచ్చే పథకాల అవసరం పెరిగింది. ఆ గుంటల్లో చాలావాటిని ఇప్పుడు ఆపి ఉంచేది యజమాని మనసు, అతని చేతికి వచ్చే డబ్బు, ఈ రెండే. చేపలు, వన్యప్రాణుల శాఖ నివేదిక ప్రకారం 2009, 2019 మధ్య 6.7 లక్షల ఎకరాల మొక్కలున్న చిత్తడి నేలలు పోయాయి. అది తీర్పుకు ముందు లెక్క.

ఎవరు అర్హులు? హెచ్-1బీ మీద ఉన్నవాళ్లు, ఎల్‌ఎల్‌సీ పేరుతో కొన్నవాళ్లు?

ఈజ్‌మెంట్‌కు దరఖాస్తు చేసేనాటికి భూమి కనీసం 24 నెలలుగా మీ చేతిలో ఉండాలి. వారసత్వంగా వస్తే ఈ గడువు అడ్డు రాదు. గడచిన సంవత్సరాల సగటు ఆదాయం 9 లక్షల డాలర్లు మించితే సాధారణంగా అర్హత ఉండదు. ఇద్దరు ముగ్గురు స్నేహితులు కలిసి ఎల్‌ఎల్‌సీ పెట్టి కొన్నప్పుడు సంస్థనే కాదు, వెనక ఉన్న ప్రతి సభ్యుడి ఆదాయాన్నీ చూస్తారు. కాగితాలన్నీ ముందే సిద్ధం చేసుకోండి.

గ్రీన్‌కార్డు లేనివాళ్లు ఒక సంగతి తప్పనిసరిగా తెలుసుకోవాలి. 1978 నాటి చట్టం ప్రకారం విదేశీయులు వ్యవసాయ భూమి కొన్న 90 రోజుల్లో వ్యవసాయ శాఖకు ఎఫ్‌ఎస్‌ఏ-153 అనే పత్రం ఇవ్వాలి. పౌరులు, గ్రీన్‌కార్డు ఉన్నవాళ్లు ఇవ్వక్కర్లేదు. హెచ్-1బీ వాళ్లు ఇవ్వాలి. పన్నులు సక్రమంగా కడుతున్నాం కదా అని ఊరుకుంటే సరిపోదు, జరిమానా భూమి మార్కెట్ విలువలో 25 శాతం దాకా ఉండొచ్చు. రాయితీ కోసం కార్యాలయం మెట్లెక్కేసరికి ఈ లోటు బయటపడుతుంది. ముందు దాన్ని సరిచేసుకోండి. సీఆర్‌పీ లాంటి చెల్లింపులకు గ్రీన్‌కార్డు లేని విదేశీయులైతే భూమి, పెట్టుబడితో పాటు గణనీయమైన సొంత శ్రమ కూడా పెట్టాలన్న నిబంధన ఉంది. ఊళ్లో ఉద్యోగం చేసుకుంటూ కౌలుకిచ్చినవాళ్లకు అది దాటడం కష్టం.

వ్యవసాయం మొదలుపెట్టి వరుసగా పదేళ్లు దాటనివాళ్లను కొత్త రైతులుగా లెక్కిస్తారు. ఈక్విప్‌లో వాళ్లకు ఖర్చులో 90 శాతం దాకా వస్తుంది, కొంత ముందుగానే తీసుకోవచ్చు. అయితే వ్యవసాయంలో మీ చేయి నిజంగా ఉండాలి.

భూమి మీద బ్యాంకు అప్పు ఉంటే?

ఈజ్‌మెంట్ కంటే తమ హక్కు వెనక ఉంటుందని బ్యాంకు రాసివ్వాలి. కొన్ని బ్యాంకులు వెంటనే ఒప్పుకుంటాయి, కొన్ని ఈజ్‌మెంట్ డబ్బులో కొంత అప్పుకు కట్టమంటాయి. ఇంకొకటి: ప్రభుత్వ రోడ్డు నుంచి ఆ ముక్క దాకా చట్టబద్ధమైన దారి ఉండాలి. పక్కవాళ్ల పొలంలోంచి మాట మీద నడుస్తున్న దారి చెల్లదు.

పునరుద్ధరణ అంటే ఏం చేస్తారు?

ఎండగట్టినప్పుడు చేసిన పనికి విరుగుడు చేస్తారు. నేలలోని టైల్ పైపును ఒకచోట పగలగొట్టి మూస్తారు. కాలువకు మట్టితో అడ్డుకట్ట వేస్తారు. చదును చేసిన నేలలో మళ్లీ ఎత్తుపల్లాలు తీస్తారు. అవసరమైతే చిన్న గట్టు, నీటి మట్టాన్ని పెంచి తగ్గించే తూము కడతారు. ఆపైన ఆ ప్రాంతపు గడ్డి, చెట్ల విత్తనాలు చల్లుతారు. చాలాచోట్ల మట్టిలో దశాబ్దాలుగా నిద్రపోతున్న విత్తనాలు తడి తగలగానే వాటంతట అవే మొలుస్తాయి. ఈ పనుల్లో నాకు అన్నిటికంటే ఆశ కలిగించేది ఇదే.

అయొవాలో ఇంకో పద్ధతి ఉంది. పెద్ద విస్తీర్ణంలో పొలాల టైల్ నీళ్లన్నీ వచ్చి చేరే చోటును ఎంచుకుని అక్కడ చిన్న చిత్తడి నేల కడతారు. నీళ్లు వాగులో కలిసేలోపు అందులోని సూక్ష్మజీవులు నైట్రేట్‌ను వాయువుగా మార్చేస్తాయి. కొద్ది ఎకరాలు వందల ఎకరాల నీటిని శుభ్రం చేస్తాయి. మిసిసిపీ మీదుగా మెక్సికో సింధుశాఖకు చేరి, ఏటా ప్రాణవాయువు లేని ప్రాంతాన్ని తయారుచేసే నైట్రేట్ ఇదే.

పక్క పొలం మునగదా?

మునిగేలా చేయడానికి వీల్లేదు. పైనున్న పక్కవాళ్ల టైల్ మీ భూమి గుండా పోతుంటే దాన్ని మూయరు, దారి మళ్లించి కొత్త పైపు వేస్తారు. డిజైన్ దశలోనే పక్కవాళ్లతో మాట్లాడండి. వ్యవహారం కోర్టు దాకా పోయేది చాలాసార్లు నీళ్ల వల్ల కాదు, ముందే చెప్పకపోవడం వల్ల.

నీళ్లు పొదుపు చేసే పరికరాలకు రాయితీ తీసుకుంటే నిజంగా నీళ్లు మిగులుతాయా?

మీ బోరు నుంచి ఎంత తోడుతారన్న దాన్ని బట్టి. పరికరం వల్లనే మిగులుతాయనుకోవడం పొరపాటు. కాన్సస్‌లో ఒగల్లాలా అనే భూగర్భ జలాశయం మీద పంటలు పండించే రైతులు, రాష్ట్ర రాయితీతో, గాలికి నీరు తక్కువ పోయే కొత్త రకం పివట్ (పొలంలో గుండ్రంగా తిరిగే స్ప్రింక్లర్) నాజిళ్లకు మారారు. 2014లో అచ్చయిన ఒక అధ్యయనం ఆ మార్పు తర్వాత తోడిన భూగర్భ జలం తగ్గకపోగా పెరిగిందని చూపింది. మిగిలిన నీటితో రైతులు ఎక్కువ నీళ్లు తాగే పంటలకు మారారు, సాగు విస్తీర్ణం పెంచారు. పైగా పాత పద్ధతిలో వృథా అనుకున్న నీటిలో కొంత తిరిగి నేలలోకే ఇంకేది, అదీ పోయింది.

ఈక్విప్ వద్దని నేను చెప్పడం లేదు. కరెంటు, డీజిల్ ఖర్చు తగ్గుతుంది, ఎరువు కొట్టుకుపోదు. కానీ జలాశయాన్ని కాపాడాలన్నది మీ కోరికైతే పరికరంతో పాటు మీటరు పెట్టండి, తోడే నీటికి పరిమితి పెట్టుకోండి. ప్రభుత్వం కూడా రాయితీకి ఆ షరతు ముడిపెట్టాలి. ప్రజల డబ్బుతో కొన్న పొదుపు మళ్లీ పొలంలోకే పోతే ఇచ్చిన ప్రయోజనం నెరవేరనట్టే.

మరి నీళ్లు తోడటం ఆపినందుకే నేరుగా డబ్బిస్తారా?

ఇస్తారు. కాన్సస్‌లో ఎగువ ఆర్కన్సా నది వెంట, కేంద్రం, రాష్ట్రం కలిసి నడిపే పథకంలో రైతు తన నీటి హక్కును శాశ్వతంగా రద్దు చేసుకుంటే అద్దె, ముందస్తు చెల్లింపు రెండూ వస్తాయి. కొలరాడోలో రిపబ్లికన్ నది పరీవాహకంలో, ఐడహోలో స్నేక్ మైదానపు భూగర్భ జలాశయం మీద ఇలాంటివే ఉన్నాయి.

కొలరాడో నది దిగువన 2023లో మరో దారి తొక్కారు. 2022 నాటి ద్రవ్యోల్బణ తగ్గింపు చట్టం నిధులతో, వాడకుండా మీడ్ సరస్సులో వదిలిన నీటికి ఎకర్-అడుగుకు లెక్కకట్టి ఇచ్చారు: ఒక ఏడాది ఒప్పందానికి 330 డాలర్లు, రెండేళ్లకు 365, మూడేళ్లకు 400. ఎకరం నేల మీద అడుగు లోతున నిలిచే నీరు ఒక ఎకర్-అడుగు, అంటే సుమారు 12.3 లక్షల లీటర్లు. ఇది ఎద్దడి గట్టెక్కడానికి పనికొచ్చింది. కానీ ఏడాదికి ఏడాది కొనే నీళ్లకు అంతు ఉండదు. పొలం పడావు పడితే కూలీలకు, ఎరువుల దుకాణానికి పని పోతుంది, ఆ డబ్బులో వాళ్లకు వాటా లేదు. ఈ పథకాలను సమర్థించే నాలాంటివాళ్లు ఆ సంగతి మర్చిపోకూడదు.

ఫ్లోరిడాలో నాకు నచ్చిన ఏర్పాటు ఒకటి ఉంది. ఓకీచోబీ సరస్సుకు ఎగువన పశువుల బీళ్లున్న యజమానులు పాత కాలువలకు అడ్డుపెట్టి వాన నీటిని తమ భూమిలోనే నిలిపితే, దక్షిణ ఫ్లోరిడా నీటి నిర్వహణ సంస్థ వాళ్లకు చెల్లిస్తుంది. పశువులు అక్కడే ఉంటాయి, బీడు బీడుగానే ఉంటుంది, నీళ్లు మాత్రం నెమ్మదిస్తాయి.

ఈ డబ్బుకు పన్ను కట్టాలా?

సీఆర్‌పీ అద్దె మామూలు ఆదాయమే. శాశ్వత ఈజ్‌మెంట్ డబ్బును ఆస్తిలో ఒక భాగం అమ్మినట్టుగా చూస్తారు. ముందు మీరు కొన్న ధరలోంచి తగ్గించి, మిగిలితే దాన్ని లాభంగా లెక్కిస్తారు. వాయిదాల్లో తీసుకుంటే ఆ లాభాన్ని ఏళ్ల మీదకు పంచే అవకాశం ఉంటుంది. మీ పన్ను సలహాదారును సంతకానికి ముందే కలవండి.

డబ్బు తీసుకోకుండా ఈజ్‌మెంట్‌ను అర్హత గల ట్రస్టుకు దానంగా ఇచ్చే దారి వేరు. దానికి ఆదాయంలో 50 శాతం దాకా, అర్హులైన రైతులకు 100 శాతం దాకా మినహాయింపు, మిగిలినది 15 ఏళ్లు ముందుకు తీసుకుపోయే వీలు ఉన్నాయి. "లక్ష పెట్టండి, నాలుగైదు లక్షల మినహాయింపు ఇప్పిస్తాం" అంటూ భూమి ఉన్న భాగస్వామ్య సంస్థలో వాటాలు అమ్మేవాళ్లు ఎదురైతే మాత్రం దూరంగా ఉండండి. పెట్టుబడికి రెండున్నర రెట్లు మించిన అలాంటి భాగస్వామ్య మినహాయింపులను 2022 చట్టం చాలావరకు కొట్టేసింది.

టెక్సాస్‌లో వ్యవసాయ భూమి పన్ను తగ్గింపు పోతుందేమో?

పశువులు తీసేస్తే పోతుందని భయపడి చాలామంది ఊరికే ఆవులను కౌలుకు తెచ్చి నిలబెడుతుంటారు. ఆ అవసరం లేదు. 1995లో ఓటర్లు ఆమోదించిన సవరణ తర్వాత, అప్పటికే వ్యవసాయ పన్ను విలువ కింద ఉన్న భూమిని వన్యప్రాణుల నిర్వహణకు మార్చుకోవచ్చు. పన్ను అదే స్థాయిలో ఉంటుంది. ఏడు రకాల పనుల్లో కనీసం మూడు చేయాలి, అందులో వన్యప్రాణులకు నీటి వసతి ఒకటి.

మధ్యలో మనసు మారితే?

ఈజ్‌మెంట్ రిజిస్టర్ అయ్యేలోపు వెనక్కి తగ్గే అవకాశం ఉంటుంది, అప్పటికే ఏం సంతకం పెట్టారన్నదాన్ని బట్టి కొన్ని ఖర్చులు మీద పడొచ్చు. రిజిస్టర్ అయ్యాక దారి లేదు. సీఆర్‌పీని మధ్యలో తెంచుకుంటే అప్పటిదాకా తీసుకున్న అద్దె మొత్తం వడ్డీతో తిరిగి కట్టాలి, పైన పరిహారం కూడా.

ఎక్కడ మొదలుపెట్టాలి?

మీ కౌంటీలోని వ్యవసాయ శాఖ సేవా కేంద్రానికి ఫోన్ చేసి ఎన్‌ఆర్‌సీఎస్ వాళ్లతో సమయం తీసుకోండి. అక్కడే ఉండే ఎఫ్‌ఎస్‌ఏ (ఫార్మ్ సర్వీస్ ఏజెన్సీ) కార్యాలయంలో ముందుగా ఫార్మ్ నంబరు తీసుకోవాలి. కౌలుకిచ్చిన పొలమైతే నంబరు ఇప్పటికే ఉండొచ్చు, అది మీ పేరు మీదికి మారిందో లేదో చూసుకోండి. ఆపైన స్వాంప్‌బస్టర్ లాంటి నిబంధనలు పాటిస్తామని రాసిచ్చే ఏడీ-1026 పత్రం, ఆదాయ ధ్రువీకరణ, దస్తావేజు, ఎల్‌ఎల్‌సీ అయితే దాని కాగితాలు.

దరఖాస్తు ఏడాదిలో ఎప్పుడైనా ఇవ్వొచ్చు. కానీ ప్రతి రాష్ట్రం ఒక తేదీ పెట్టి, ఆలోపు వచ్చినవాటికి మార్కులు వేసి వరుసలో పెడుతుంది. ఈ ఏడాది రాకపోతే తర్వాతి ఏడాదికి ఆ దరఖాస్తును ఉంచమని అడగండి. ఏసెప్, ఈక్విప్‌లకు 2025 జులైలో వచ్చిన చట్టం 2031 దాకా నిధులు కేటాయించింది, కాబట్టి ఒక్క ఏడాదికి నిరాశపడక్కర్లేదు. దరఖాస్తుకు రుసుము లేదు. డబ్బు తీసుకుని పని చేయించిపెడతామనే మధ్యవర్తులు అవసరమే లేదు.

వెళ్లేముందు ఒక వసంతంలో మీ పొలాన్ని ఫొటోలు తీసి పెట్టుకోండి. నీళ్లు ఎక్కడి దాకా వచ్చాయి, ఎన్నాళ్లు నిలిచాయి, ఏ పక్షులు దిగాయి అన్నది తేదీలతో రాసుకోండి. ఆ అధికారి మీ పొలానికి వచ్చేది బహుశా ఎండాకాలంలోనే.